ఆర్-22 గ్యాస్ ఆపేస్తున్నారు సరే, ఆ ఖర్చు ఎవరి నెత్తిన?

బెజవాడ కూలింగ్

నేను విజయవాడలో ఏసీ మెకానిక్‌ని. చాన్నాళ్లుగా మనసులో ఉన్న ప్రశ్న ఇది. ఇక్కడ చదువుకున్నవాళ్లు ఉన్నారని అడుగుతున్నా. సర్వీసుకి వచ్చే పాత ఏసీల్లో చాలావాటిలో ఇప్పటికీ ఆర్-22 గ్యాసే ఉంటుంది. దాని తయారీ దశలవారీగా తగ్గిస్తున్నారు, రేటు పెరుగుతోంది. కస్టమరు నన్నే అంటాడు, "పోయినసారి ఇంత తీసుకోలేదే" అని. సింగ్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉంటూ సెకండ్‌హ్యాండ్ ఏసీ కొనుక్కున్నవాడికి నేనేం చెప్పను?

ఓజోన్ పొర, రాబోయే తరాలు అని ట్రైనింగులో చెప్పారు. అది తప్పని అనటం లేదు. నాకూ పిల్లలున్నారు. కానీ ఎక్కడో కెనడాలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్న కాగితం వల్ల పెరిగిన ఖర్చు ఎవరు కట్టాలి? ఇంకా పుట్టనివాళ్ల కోసమైతే ఇప్పుడు ఉన్నవాళ్లలో ఎవరి జేబులోంచి తీయాలి? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

గ్రూప్స్ అభ్యర్థి

అన్నా, ఇది మా సిలబస్‌లో ఉంది. 1985 వియన్నా ఒప్పందం, 1987 సెప్టెంబర్ 16 మాంట్రియల్ ప్రోటోకాల్ (నువ్వన్న కెనడా కాగితం ఇదే), దానికి 2016 అక్టోబర్ కిగాలీ సవరణ. ఆర్-22 ఓజోన్‌ని దెబ్బతీసే హెచ్‌సీఎఫ్‌సీ అనే రకం గ్యాసుల కిందికి వస్తుంది. మనలాంటి దేశాలు వాటిని 2025కల్లా 67.5 శాతం, 2030కల్లా 97.5 శాతం తగ్గించాలి. మిగిలిన ఆ కాస్త పాత మెషిన్ల సర్వీసు కోసం 2040 దాకా ఉంచారు. కాబట్టి గ్యాస్ ఒక్కసారిగా మాయమవదు. ఖర్చు సంగతి మాత్రం మా పుస్తకంలో ఒక్క లైనే ఉంది, "బహుపాక్షిక నిధి" అని.

రాజమండ్రి కెమిస్ట్రీ మేడం

బాబూ, ఖర్చు దగ్గరికి వెళ్లేముందు అసలు ఏం ఆపాలనుకున్నారో చెప్తాను. లేకపోతే "రాబోయే తరాలు" అన్న మాట గాల్లో మాటలా వినిపిస్తుంది.

ఆర్-22 కంటే ముందు ఫ్రిజ్‌ల్లో ఆర్-12 ఉండేది, గుర్తుందిగా. అది సీఎఫ్‌సీ, అంటే క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన గ్యాస్. మంటంటుకోదు, విషం కాదు, దేనితోనూ కలవదు. ఆ మంచి గుణమే ప్రాణం మీదికి తెచ్చింది. దేనితోనూ కలవదు కాబట్టి కింద గాల్లో విరగకుండా మెల్లగా స్ట్రాటోస్ఫియర్ దాకా, అంటే ఓజోన్ పొర ఉండే పై వాతావరణం దాకా ఎక్కుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి క్లోరిన్ ఊడిపోతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను విరగ్గొడుతూ పోతుంది. పని అయ్యాక తాను మళ్లీ మొదటికి వచ్చేస్తుంది కాబట్టి అరిగిపోదు. 1974లో మోలినా, రోలండ్ ఈ సంగతి రాస్తే పరిశ్రమలు ఒప్పుకోలేదు. 1985లో అంటార్కిటికాలోని హాలీ కేంద్రం కొలతలతో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అక్కడ వసంతకాలంలో ఓజోన్ ఎంత పడిపోతోందో చూపించారు. రెండేళ్లలో ఒప్పందం కుదిరింది. ఓజోన్ అలా పలచబడటానికి (దాన్నే ఓజోన్ రంధ్రం అంటారు) కారణం అప్పటికి పూర్తిగా రుజువు కాలేదు కూడా. రుజువు వచ్చేదాకా ఆగుదాం అనుకుని ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

ఇప్పుడు తరాల సంగతి. ఆర్-12 గాల్లోకి పోతే దాదాపు వందేళ్లు ఉంటుంది. 1980లో మన ఊళ్లో వదిలినది ఇప్పటికీ చాలావరకు పైనే ఉంది. ఇన్నేళ్లు అందరూ మాట మీద నిలబడ్డాక కూడా అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి వచ్చేది సుమారు 2066కి అని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల అంచనా. ఈ రోజు బడిలో చేరిన పిల్లలు నడివయసుకి వచ్చాక అన్నమాట. అమెరికా పర్యావరణ సంస్థ వేసిన లెక్క ప్రకారం 1890-2100 మధ్య పుట్టేవాళ్లలో ఆ ఒక్క దేశంలోనే 44.3 కోట్ల చర్మ క్యాన్సర్ కేసులు ఈ ఒప్పందం వల్ల తప్పుతాయి. అందులో ఎంతోమంది ఇంకా పుట్టనే లేదు. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. అయినా వాళ్లకి మేలు జరిగింది.

అనంత రైతుబిడ్డ

మేడం గారూ, మీరు చెప్పిన సైన్సు కాదనను. కానీ "అందరూ" అన్న మాట దగ్గర నాకు అడ్డుపడుతోంది. ఆ గ్యాసులు ఎవరు వదిలినారు? 1980ల్లో మా ఊర్లో ఫ్రిజ్ అనేది సినిమాలో చూసినాం. మా నాయన తరం కుండనీళ్లు తాగింది. సీఎఫ్‌సీల్లో చానా భాగం వాడింది ధనిక దేశాలే. కార్లలో ఏసీ, స్ప్రే డబ్బాలు, ఫ్రిజ్‌లు అన్నీ వాళ్లవే. వాళ్లు అనుభవించేసినాక మనకు ఆశ పుట్టే వేళకి "ఇక చాలు, పిల్లల భవిష్యత్తు" అంటే ఎట్లా? పుట్టబోయేవాళ్లకి న్యాయం సరే, పుట్టి ఎండలో మాడేవాళ్లకి న్యాయం ఎవరు చేస్తారు? ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి దాటేయకూడదు.

నల్లకుంట కెమిస్ట్

అనంత గారూ, మీరు ఇప్పుడు అడిగిన ప్రశ్నే 1990 జూన్‌లో లండన్‌లో మన దేశం అడిగింది. నేను హైదరాబాద్‌లో రసాయన పరిశోధన రంగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ రోజుల్లో మా దగ్గర దీని గురించి చర్చ జరగని రోజు లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

1987 నాటి ఒప్పందంలో పేద దేశాలకి ఇచ్చింది ముఖ్యంగా గడువు. తలసరి వాడకం 0.3 కిలోల లోపు ఉంటే పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టొచ్చు అన్నారు. డబ్బు గురించి గట్టి మాట లేదు. ఇండియా, చైనా సంతకం చెయ్యలేదు. ఈ రెండు దేశాల్లో జనాభా ఎంత, రేపు కొనబోయే ఫ్రిజ్‌లు ఎన్ని, ఊహించుకోండి. మనం బయట ఉంటే ధనిక దేశాలు ఎంత తగ్గించినా ఆకాశానికి ఒరిగేదేమీ లేదు. లండన్ సమావేశానికి మేనకా గాంధీ మన పర్యావరణ మంత్రిగా వెళ్లారు. మన వాదన సూటిగా ఉంది: సమస్య మేం చెయ్యలేదు, మార్చుకోడానికి అయ్యే అదనపు ఖర్చు మీరివ్వాలి, టెక్నాలజీ కూడా ఇవ్వాలి. అమెరికా మొదట కొత్త నిధికి ఒప్పుకోలేదు. సమావేశానికి కొద్దిరోజుల ముందు దిగొచ్చింది.

అలా పుట్టిందే ఆ పుస్తకంలో ఒక్క లైనుగా ఉన్న బహుపాక్షిక నిధి. మొదటి మూడేళ్లకి 16 కోట్ల డాలర్లు, ఇండియా, చైనా చేరితే 24 కోట్లు. మన రెండు దేశాల చేరిక విలువ అంకెల్లో రాసి పెట్టారన్నమాట. చైనా 1991లో, మనం 1992లో చేరాం. ఇంకో సంగతి తక్కువమంది గమనిస్తారు. ఆ నిధిని నడిపే కమిటీలో ఏడుగురు డబ్బిచ్చే దేశాలవాళ్లు, ఏడుగురు తీసుకునే దేశాలవాళ్లు. ఇచ్చేవాడిది పైచేయి, పుచ్చుకునేవాడిది కిందిచేయి అన్న పద్ధతి అక్కడ లేదు. నా దృష్టిలో ఈ ఒప్పందం నిలబడింది ఆ సగం-సగం వల్లే. ఇవాళ బతికున్నవాళ్ల మధ్య లెక్క తేలాకే రేపటివాళ్ల సంగతి ముందుకు కదిలింది.

టెక్నాలజీ విషయంలో మాత్రం మనకి పూర్తి న్యాయం జరగలేదు. ఆర్-12 బదులు ఆర్-134ఎ కావాలంటే బయటి కంపెనీలు అడిగిన ధర, పెట్టిన షరతులు భరించేలా లేవు. మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఆ పద్ధతిని సొంతంగా తయారుచేసుకునే పనికి దిగారు. పేటెంట్ల గొడవ ఇప్పటికీ తీరలేదు. కొత్త కార్ల ఏసీల్లో వస్తున్న హెచ్‌ఎఫ్‌ఓ అనే కొత్త రకం గ్యాసుల్లోనూ అదే కథ.

కరీంనగర్ సతీష్

సార్, ఆ నిధి పైసలు మన దేశానికి వచ్చినయా? వస్తే ఎవరికి పోయినయ్? మెకానిక్ అన్న అడిగింది అదే గదా.

నల్లకుంట కెమిస్ట్

వచ్చాయి సతీష్. ప్రపంచం మొత్తానికి ఇప్పటిదాకా 400 కోట్ల డాలర్లు దాటింది. మన దగ్గర సీఎఫ్‌సీ తయారుచేసే నాలుగు కంపెనీలకి తయారీ ఆపినందుకు పరిహారంగా 8 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు. 2010 గడువు ఉంటే 2008 ఆగస్టుకే తయారీ ఆపాం, మందుల అవసరానికి తప్ప. ఫ్రిజ్‌లు, ఫోమ్ తయారుచేసేవాళ్లకి మెషిన్లు మార్చుకోడానికి ఇచ్చారు. మెకానిక్‌లకి శిక్షణ ఇవ్వడానికీ కొంత ఇచ్చారు. ఇంట్లో పాత ఏసీ ఉన్నవాడికి నేరుగా ఏమీ లేదు.

బెజవాడ కూలింగ్

అదండీ నేను వెతుకుతున్న జవాబు. ఫ్యాక్టరీకి పరిహారం ఉంది. చివర్లో ఉన్న కస్టమరుకి, మాకు లేదు. ట్రైనింగు నేనూ తీసుకున్నా, సర్టిఫికెట్ గోడకి ఉంది. బాగా చెప్పారు, కాదనను. కానీ బయటికి వచ్చాక చేతిలో ఉన్నది పాత గేజి, పాత పానాలే.

గ్యాస్ ఎలా పోతుందో చెప్తా, తెలియనివాళ్ల కోసం. ఇల్లు మారేవాళ్లు స్ప్లిట్ ఏసీ ఊడదీయమంటారు. సరైన పద్ధతి పంప్‌డౌన్. ఏసీ నడుస్తుండగా ఔట్‌డోర్ దగ్గర సన్న పైపు వాల్వు అలెన్ కీతో మూసేయాలి. గేజి ముల్లు సున్నా దగ్గరికి దిగేదాకా చూసి, లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఏసీ ఆపాలి. గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. చుక్క పోదు. అయిదు నిమిషాల పని. చాలామంది ఇది చెయ్యరు. నట్టు వదులు చేస్తారు, బుస్సుమని కిలో గ్యాస్ గాల్లోకి. కొత్తింట్లో మళ్లీ నింపి డబ్బు తీసుకుంటారు. ఇక కంప్రెసర్ కాలిపోయిన ఏసీ అయితే పంప్‌డౌన్ కుదరదు. రికవరీ మెషిన్ పెట్టి సిలిండర్‌లోకి లాగాలి. ఆ మెషిన్ ఉన్న షాపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లాగినా ఆ వాడిన గ్యాస్ కొనేవాడు లేడు. మరి ఏ మెకానిక్ లాగుతాడు?

రాజమండ్రి కెమిస్ట్రీ మేడం

ఆ బుస్సుమన్న కిలో సంగతి లెక్క కడితే, ఆర్-22 ఓజోన్‌ని తినడమే కాదు, వేడిని పట్టి ఉంచడంలో కిలోకి దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కొత్త ఏసీల్లో వచ్చిన ఆర్-410ఎ ఓజోన్ జోలికి పోదు కానీ వేడి విషయంలో ఇంకా ఎక్కువ, 2,000 పైన. అందుకే కిగాలీలో ఇలాంటి క్లోరిన్ లేని గ్యాసులని, అంటే హెచ్‌ఎఫ్‌సీలనీ తగ్గించాలన్నారు. వాటిలోనే ఇంకో గ్యాస్ ఆర్-32 అయితే 675. ఆ అయిదు నిమిషాల పని చేసే మెకానిక్ ఎంత మేలు చేస్తున్నాడో అతనికి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

స్టుట్‌గార్ట్ సుజాత

తమ్ముడూ, ఇక్కడ జర్మనీలో సర్టిఫికెట్ లేనివాళ్లు ఆ పైపుల మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. గ్యాస్ గాల్లోకి వదలడం నేరం. యూరప్‌లో 2010 నుంచి కొత్త ఆర్-22ని, 2015 నుంచి వాడినదాన్ని కూడా సర్వీసుకి నిషేధించారు. వినడానికి బాగుంది కదా. కానీ ఇక్కడ వద్దనుకున్న పాత ఫ్రిజ్‌లు ఏళ్ల తరబడి ఆఫ్రికా రేవులకి చేరాయి. ఘనా 2013 నుంచి పాత ఫ్రిజ్‌ల దిగుమతే ఆపేసింది. ధనిక దేశంలో చట్టం గట్టిగా ఉంటే సరిపోదు, చెత్త ఎటు పోతోందో కూడా చూడాలి.

మంచి మాటా ఒకటి ఉంది. 1990ల మొదట్లో తూర్పు జర్మనీ వైపు ఫోరాన్ అనే ఫ్రిజ్ కంపెనీ మూతపడే స్థితిలో ఉంది. గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థతో కలిసి ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిపిన గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ తయారుచేసింది. మీకు తెలిసిన ఆర్-600ఎ ఆ ఐసోబ్యూటేనే. ఆ ఫ్రిజ్ పద్ధతిని పేటెంట్ తాళంలో పెట్టలేదు, ఎవరైనా చేసుకోవచ్చన్నారు. మన గోద్రెజ్ వాళ్లు జర్మన్, స్విస్ సహకారంతో అదే దారిలో ఫ్రిజ్‌లు చేశారు. నల్లకుంట సార్ చెప్పిన ఆర్-134ఎ కథ పక్కన దీన్ని పెట్టి చూడండి. ఒకటి తలుపు మూసింది, ఇంకొకటి తెరిచింది. రెండూ అదే కాలం.

బెజవాడ కూలింగ్

ఆర్-600ఎ ఫ్రిజ్‌లు రోజూ చూస్తాం అక్కా. గ్యాస్ కొంచెమే పడుతుంది. కానీ మండే గ్యాస్, తలుపులు మూసిన వంటింట్లో బ్రేజింగ్ (మంటతో పైపులు అతకడం) చేసేవాడికి శిక్షణ లేకపోతే ప్రాణం మీదికే. ఆ ప్రమాదం కూడా లెక్కలో వెయ్యాలి.

అనంత రైతుబిడ్డ

ఓజోన్ విషయంలో నిధి పెట్టినారు, నిలబెట్టుకున్నారు, ఒప్పుకుంటా. అదే వాతావరణ మార్పు దగ్గరికొస్తే ఏమైంది? 1992 ఒప్పందంలోనే ఇప్పటి తరాలు, రాబోయే తరాలు ఇద్దరి మేలు కోసం అని రాసుకున్నారు. 2009లో కోపెన్‌హాగన్‌లో ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు 2020కల్లా ఇస్తామన్నారు. ఆ అంకె చేరింది 2022లో. అందులోనూ చానా భాగం అప్పులు. 2024లో బాకూలో 2035కల్లా 30,000 కోట్లు అన్నారు, మన ప్రతినిధి అక్కడే నిలబడి ఒప్పుకునేది లేదన్నారు. వానలు తప్పి బోర్లు ఎండిపోయిన మా జిల్లాలో ఇప్పుడు పుట్టే బిడ్డకి ఆ మాటలతో ఏం నీళ్లొస్తాయి?

గ్రూప్స్ అభ్యర్థి

రెండిటికీ తేడా ఎందుకొచ్చింది సార్? మెయిన్స్‌లో రాయొచ్చు అని కాదు, నిజంగా తెలుసుకోవాలని.

నల్లకుంట కెమిస్ట్

తేడా చాలా ఉంది. సీఎఫ్‌సీలు కొన్ని కంపెనీల చేతిలో ఉన్న సరుకు. బొగ్గు, పెట్రోలు అలా కాదు, దేశాల బతుకే వాటి మీద నడుస్తోంది. బదులు సరుకు దొరికింది కాబట్టి 1988లో సీఎఫ్‌సీలు తయారుచేసే డ్యూపాంట్ లాంటి పెద్ద కంపెనీ కూడా ఆపేస్తామంది. ఇంకొకటి, ఒప్పందంలో లేని దేశంతో ఆ సరుకు వ్యాపారం చెయ్యకూడదన్న షరతు పెట్టారు. బయట ఉంటే నష్టమే. కొత్త శాస్త్రం వచ్చినప్పుడల్లా, జాబితాలో ఉన్న గ్యాసుల గడువులు మళ్లీ ప్రతి పార్లమెంటు దాకా వెళ్లకుండానే ముందుకు జరపొచ్చు.

డబ్బు ఎలా ఇస్తామన్నదీ ముఖ్యమే. ఆర్-22 తయారుచేసేటప్పుడు హెచ్‌ఎఫ్‌సీ-23 అనే గ్యాస్ పక్కన పుడుతుంది. వేడి పట్టడంలో మహా బలమైనది. వాతావరణ మార్పు మీద కుదిరిన క్యోటో ఒప్పందం కింద దాన్ని కాల్చేసినందుకు కార్బన్ క్రెడిట్లు, అంటే అమ్ముకుని డబ్బు చేసుకునే పత్రాలు ఇచ్చారు. కాల్చడానికయ్యే ఖర్చు కొంచెం, క్రెడిట్ల ఆదాయం కొండంత. కాల్చడం కోసమే ఎక్కువ తయారుచేస్తున్నారన్న అనుమానాలు వచ్చి 2013లో యూరప్ ఆ క్రెడిట్లు తీసుకోవడం ఆపింది. 2016లో కిగాలీ సమయంలో మన ప్రభుత్వం మన కంపెనీలకి సొంత ఖర్చుతో కాల్చమని ఆదేశించింది. అదే గ్యాస్, అవే ఫ్యాక్టరీలు. ఒక పద్ధతిలో డబ్బు లాభమైంది, ఇంకో పద్ధతిలో అది బాధ్యత అయింది. మాంట్రియల్ నిధి ఇచ్చేది అదనంగా పడే ఖర్చు మాత్రమే, లెక్క చూసి.

రాజమండ్రి కెమిస్ట్రీ మేడం

కాపలా కూడా మరిచిపోకండి. 2018లో గాలి కొలతలు చూసేవాళ్లు సీఎఫ్‌సీ-11 అనే నిషేధించిన గ్యాస్ తగ్గాల్సినంతగా తగ్గడం లేదని పట్టుకున్నారు. తూర్పు చైనాలో షాన్‌డాంగ్, హెబే ప్రాంతాల నుంచి ఎక్కువగా వస్తోందని 2019లో తేలింది. అంతా కలిసి ఒత్తిడి తెచ్చాక మళ్లీ తగ్గింది. మాట ఇస్తే సరిపోదు, పైన గాలిని కొలుస్తూ ఉండాలి. మన హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది, పై వాతావరణంలోకి పరికరాలు పంపేది. మా విద్యార్థులకి ఎప్పుడూ దాని గురించి చెప్పేదాన్ని.

కడప సిస్టర్

నర్సుగా ఒక మాట చెప్పాలి. ఆస్తమా ఇన్హేలర్లలో మందుని తోసేది కూడా ఒకప్పుడు సీఎఫ్‌సీనే. 2010 గడువు దాటినా ఇన్హేలర్లకి మినహాయింపు ఇచ్చారు, బదులు గ్యాస్‌తో చేసినవి వచ్చేదాకా. పుట్టబోయేవాళ్ల పేరు చెప్పి ఊపిరి అందనివాడి చేతిలోంచి ఇన్హేలర్ లాక్కోలేదు. అనంత అన్న అడిగిన న్యాయం అక్కడైతే జరిగింది.

కానీ ఏసీ దగ్గర ఇంకా జరగలేదు. 2015 మే నెల ఎండలకి మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అలా పోయేవాళ్లలో కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ, ఇంట్లో ఏసీ ఉన్నవాళ్లు కాదు. వడదెబ్బతో వచ్చినవాళ్లకి తడిగుడ్డలు చుట్టి, ఐస్ పెట్టి, సెలైన్ ఎక్కించేది మేమే. అలాంటి మనిషికి "చల్లదనం తగ్గించుకో" అని ఏ ఒప్పందమూ చెప్పకూడదు. అసలు చల్లదనం అందనివాళ్లకి ముందు అందాలి.

కరీంనగర్ సతీష్

సిస్టర్ చెప్పింది నిజం. మా దగ్గర రేకుల ఇండ్లల్ల మధ్యాహ్నం లోపల కూసునుడు కాదు. తెలంగాణల 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చిండ్రు, ఇంటి మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత. మా చిన్నమ్మ ఇంటి మీద మేమే సున్నం కొట్టినం, లోపల తేడా తెలుస్తది. అందరి ఇండ్ల మీదికి ఇది పోతే అంత గ్యాసే అవసరం పడది. 2019ల కేంద్రం తెచ్చిన కూలింగ్ ప్లాన్‌ల గూడ చల్లదనం అవసరాన్నే 20-25 శాతం తగ్గించాలె అని ఉన్నది. ఏసీ కంపెనీకి ఇచ్చే పైసలల్ల కొంత ఈ సున్నానికి ఇయ్యాలె అంట నేను.

అనంత రైతుబిడ్డ

ఇది నాకు నచ్చింది. నిధి వస్తే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగకుండా రేకుల ఇంటి దాకా రావాలా. మెకానిక్ అన్న దాకా రావాలా. కిగాలీ కింద మన దేశం హెచ్‌ఎఫ్‌సీల వాడకం 2028 నుంచి పెరగకుండా ఆపాలి, 2032 నుంచి తగ్గించాలి. అంటే ఇంకో విడత డబ్బు, ఇంకో విడత పథకాలు వస్తాయి. ఈసారి ముందే అడగాలా.

బెజవాడ కూలింగ్

అందరికీ నమస్కారం. కస్టమరుకి ఏం చెప్పాలో నాకిప్పుడు కొంత తెలిసింది. రేటు ఎందుకు పెరిగిందో చెప్పి, లీకు కట్టకుండా గ్యాస్ నింపనని గట్టిగా చెప్తా. సబ్బు నురగతో లీకు చూపిస్తే వాళ్లకీ నమ్మకం వస్తుంది. లీకు కడితే ఏటా నింపే ఖర్చే ఉండదు.

ఇంకొకటి అనుకున్నాం. మా ఏరియాలో అయిదారుగురం కలిసి ఒక రికవరీ మెషిన్ కొందామని. ఒక్కడికి బరువు, అందరికీ అయితే పర్లేదు. లాగిన గ్యాస్‌ని మళ్లీ మా సర్వీసుల్లోనే వాడుకోవచ్చా? నల్లకుంట సార్, జాగ్రత్తలు ఏమైనా ఉంటే చెప్పండి.

నల్లకుంట కెమిస్ట్

చాలా మంచి ఆలోచన. ముఖ్యమైనది ఒకటే, ఒక సిలిండర్‌లో ఒకే గ్యాస్. ఆర్-22 ఉన్నదాంట్లోకి ఆర్-410ఎ కలిసిందంటే అది ఇక ఎవరికీ పనికిరాదు, శుద్ధి చెయ్యడమూ కష్టమే. సిలిండర్ మీద గ్యాస్ పేరు, తేదీ రాయండి. 80 శాతం మించి నింపొద్దు, ఎండకి పగిలే ప్రమాదం ఉంది. తూకం వేస్తూ నింపండి. ఒకసారి నింపి పారేసే సిలిండర్లు దీనికి వాడకండి. కంప్రెసర్ కాలిన ఏసీలోంచి తీసిన గ్యాస్‌లో యాసిడ్ ఉంటుంది, దాన్ని వేరే సిలిండర్‌లో పెట్టండి, మంచి మెషిన్‌లోకి ఎక్కించొద్దు. మిగతాది ఫిల్టర్ డ్రయర్ (తేమ, మురికి పట్టేది) గుండా పంపి, అదే కస్టమరు మెషిన్‌లోకి తిరిగి ఎక్కించడం అన్నిటికంటే క్షేమం. మండే గ్యాసులకి, అంటే ఆర్-290, ఆర్-600ఎకి, ఈ మెషిన్ వాడొద్దు. దానికి వేరేది కావాలి. కొనేముందు మోడల్ పేరు ఇక్కడ రాయండి, ఆర్-32కి సరిపోతుందో లేదో చూసి చెప్తాను.